కెల్స్ పుట మా పెరంబూరు గోడ మీదికి

ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న కెల్స్ సువార్తల గ్రంథం చేత్తో రాసి బొమ్మలు వేసినది, సుమారు క్రీ.శ. 800 నాటిది. మత్తయి సువార్తలో క్రీస్తు జననం మొదలయ్యేచోట ఆయన పేరు పుటంతా పరుచుకుని ఉంటుంది. ఆ పుటంటే నాకు ప్రాణం.

గోడకు పెట్టుకోవాలంటే ముందు ఫైలు కొలత చూడండి. అసలు పుట దాదాపు 33 సెంటీమీటర్ల ఎత్తు. అదే కొలతకు, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అచ్చు వేయాలంటే నిలువున సుమారు 3,900 పిక్సెళ్లు కావాలి. తగ్గితే సన్నటి అల్లికలన్నీ అలుక్కుపోతాయి. ఏత్రీ (A3) కొలత నూలు కాగితమే అడగండి, కాన్వాస్ నేత గీతల్ని మింగేస్తుంది. ముందు అడుగుభాగం ముక్క ఒక్కటి వేయించి చూడండి. చేపను పట్టిన నీటికుక్క స్పష్టంగా కనిపిస్తేనే మిగతాది వేయించండి.

అచ్చు వేసే కొట్టతను "బంగారం మెరుపు అద్దమంటారా సార్?" అన్నాడు. వద్దన్నాను. ఇందులో బంగారం లేదు, ఆ పసుపు హరిదళమనే ఖనిజపు రంగు. 15వ శతాబ్దపు ఫ్రెంచి ప్రార్థన పుస్తకాల బొమ్మలైతే వేరు. వాటిలో నిజంగానే బంగారు రేకు వాడారు కాబట్టి, తంజావూరు బొమ్మలకు అద్దే రేకు వాటికి అందంగా నప్పుతుంది.

ఫ్రేము దగ్గర తొందరపడొద్దు. నా మొదటి ప్రతి నవంబరు వానలకు చెమ్మెక్కి అద్దానికి అతుక్కుపోయింది, ఎంత బాధపడ్డానో. ఇప్పుడు బొమ్మ అద్దానికి తగలకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టించి, ఎండ తగలని గోడకు తగిలించాను.