పోలీసు ఒంటరిగా పెనుగులాడుతుంటే పక్కనున్నవాళ్లు ఏం చేయాలి?

రెండేళ్ల కిందట ఒక శనివారం సాయంత్రం. తిరుపతి ఆర్టీసీ బస్టాండు బయట ఆటోలు ఆగేచోట ఒక కానిస్టేబుల్ ఒంటరిగా ఒకడితో పెనుగులాడుతున్నాడు. కొండకు పోదామని వచ్చిన ఒకామె సంచిలోంచి పర్సు లాగేసి పరుగెత్తబోయినవాడు వాడు. చుట్టూ నలభై మందిమి ఉంటాం. కొందరు వీడియో తీస్తున్నారు. ఇంతలో ఒక కుర్రాడు ఎగిరొచ్చి దొంగను డొక్కలో తన్నాడు. వాణ్ని చూసి ఇంకో ముగ్గురు దూకారు. కానిస్టేబుల్ దొంగను పట్టుకోవడం వదిలేసి, వాణ్ని జనం నుంచి కాపాడే పనిలో పడ్డాడు. "కొట్టొద్దన్నా, కొట్టొద్దు!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ సందట్లో దొంగ జారుకున్నాడు.

అంతా అయ్యాక చిరిగిన చొక్కాతో నిలబడి ఆయన ఒకటే అడిగాడు: "ఒక్కరన్నా 112కి ఫోన్ చేసినారా?"

ఎవరం చేయలేదు. పక్కవాడు చేసుంటాడులే అని ప్రతి ఒక్కరం అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. ఆ తర్వాత చట్టం ఏం చెబుతుందో చదివాను, తెలిసిన వకీలుని అడిగాను, మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌తో చాలాసేపు మాట్లాడాను. నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోలీసు అడగకుండా మీద పడొద్దు. అడిగితే వెనక్కి తగ్గొద్దు. కళ్లముందు ప్రాణం పోయేలా ఉంటే మాత్రం అడిగేదాకా ఆగొద్దు. చేయి వేస్తే పట్టుకోవడానికే వేయాలి, కొట్టడానికి కాదు.

మొదటి పని: 112

మిగతా అన్నీ దీని తర్వాతే. ఎవరో చేసుంటారని అనుకోవద్దు, నలుగురు చేసినా నష్టం లేదు. ఫోన్ చేసేటప్పుడు "నేను 112కి చేస్తున్నా" అని గట్టిగా అరవండి. పోలీసుకు ధైర్యం వస్తుంది, అవతలివాడికి టెన్షన్ పుడుతుంది, చూస్తున్నవాళ్లకు కూడా కాస్త బుద్ధి పనిచేస్తుంది.

ముందు చోటు చెప్పండి. "బస్టాండు దగ్గర" అంటే చాలదు. "లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డులోకి తిరిగాక ఫలానా షాపు ముందు" అని చెప్పాలి. మీరు ఊరికి కొత్తయితే, యాత్రకు వచ్చినవాళ్లయితే, ఎదురుగా కనబడే షాపు బోర్డు చదివి చెప్పండి, లేదా పక్కనున్న ఆటో అన్న చేతికి ఫోన్ ఇచ్చేయండి. తర్వాత, పోలీసులు ఎంతమంది, అవతల ఎంతమంది, కత్తి గానీ సీసా గానీ కనబడిందా, ఎవరికన్నా రక్తం కారుతోందా. "పోలీసు ఒక్కడే ఉన్నాడు" అన్న మాట తప్పకుండా చెప్పండి. దెబ్బలు తగిలినట్టుంటే 108 కూడా కావాలని అప్పుడే అడగండి.

రెండో పని: ఒక్క క్షణం ఆగి చూడటం

యూనిఫాం ఉంటే సరే. మఫ్తీలో ఉంటే? ఇద్దరు మనుషులు కొట్టుకుంటుంటే, ఒకడు "నేను పోలీసుని" అని అరిచినంత మాత్రాన నమ్మడానికి లేదు. పోలీసుల పేరు చెప్పి ముసలివాళ్ల మెడలో బంగారం కాజేసే నకిలీ పోలీసుల సంగతి మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అలాగని అబద్ధమనీ అనుకోవద్దు. దూరంగా నిలబడి, "సార్, ఏ స్టేషన్? 112లో ఉన్నాను, చెప్తాను" అని అడగండి. నిజమైన పోలీసు స్టేషన్ పేరు చెప్తాడు. మాట తేలేదాకా ఎవరి మీదా చేయి వేయొద్దు.

తర్వాత చూడాల్సినవి చేతులు. అవతలివాడి రెండు చేతులూ కనబడుతున్నాయా? ఒక చేయి నడుము దగ్గరో చొక్కా కిందో ఉంటే అక్కడ కత్తి ఉండొచ్చు. వాడి తాలూకు మనుషులు గుంపులో ఉన్నారేమో కూడా చూడండి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పోలీసు పట్టుకున్న ప్రతివాడూ దొంగ కాదు. మన తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, దారి తప్పి, మతి చెదిరి తిరిగేవాళ్లు ఎందరో కనబడతారు. అలా తిరిగే మానసిక రోగులను రక్షణలోకి తీసుకుని వైద్యానికి చేర్చడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసుల బాధ్యతే. ఆ పనిలో ఉన్నప్పుడు కూడా పెనుగులాట జరుగుతుంది. షుగర్ బాగా పడిపోయినవాడు కూడా తాగినవాడిలాగే తూలతాడు, తిడతాడు, చేయి విసురుతాడు. మనకు కథ తెలియదు కాబట్టి మన చేతిలో కోపం ఉండకూడదు.

మూడో పని: అడగటం

వెనక నుంచి పోవద్దు. పెనుగులాటలో ఉన్న పోలీసుకు వెనక నుంచి వచ్చే మనిషి దొంగ తాలూకు మనిషిలాగే కనబడతాడు. ఆయనకు కనబడేలా ఎదురుగా లేదా పక్కకు వచ్చి, ఖాళీ చేతులు చూపించి, "సార్, సాయం కావాలా? ఏం చేయమంటారు?" అనండి. ఈ ఒక్క మాట చాలా పని చేస్తుంది. "వద్దు, జనాన్ని దూరం పెట్టన్నా" అంటే అదే మీ పని. "కాళ్లు పట్టుకో" అంటే కాళ్లు మాత్రమే పట్టుకోవాలి.

చట్టం ఏమంటుంది?

సాయం చేయడం మన ఇష్టం అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం) 31వ సెక్షన్ ప్రకారం, పోలీసు అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ సహేతుకంగా సాయం అడిగితే ప్రతి మనిషీ చేయాల్సిందే. మూడు సందర్భాల్లో: తాము చట్టప్రకారం అరెస్టు చేయదగిన మనిషిని పట్టుకోవడానికి లేదా పారిపోకుండా ఆపడానికి, శాంతిభంగాన్ని అడ్డుకోవడానికి, ప్రభుత్వ, ప్రజా ఆస్తికి నష్టం చేయబోతుంటే ఆపడానికి. ఇది కొత్తగా పుట్టిందేమీ కాదు, 1973 నాటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 37వ సెక్షన్‌గా ఉన్నదే.

అడిగినా కావాలని చేయకపోతే భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 222వ సెక్షన్ కింద శిక్ష ఉంది. నేరాన్ని ఆపడానికో, కొట్లాట అణచడానికో, నేరస్థుణ్ని పట్టుకోవడానికో అడిగిన సాయమైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ అంకెలు చూసి భయపడమని చెప్పడం లేదు. చట్టంలో "సహేతుకంగా" అనే మాట ఉంది, "ఉద్దేశపూర్వకంగా" అనే మాట కూడా ఉంది. మీకు గుండె జబ్బు ఉంటే, చంకలో బిడ్డ ఉంటే, కడుపుతో ఉంటే, ఆ మాట అక్కడే చెప్పండి: "సార్, నేను పట్టుకోలేను, ఫోన్ చేస్తాను." అదీ సాయమే.

పోలీసు అడగకపోయినా మీద పడదగిన సందర్భం ఒకటుంది. ఆయన కిందపడి, గొంతు మీద చేయి పడి, కత్తి లేచినప్పుడు. ఇతరుల ప్రాణాన్ని కాపాడటానికి కూడా ఆత్మరక్షణ హక్కు వర్తిస్తుందని న్యాయ సంహిత 35వ సెక్షన్ చెబుతుంది. దానికి హద్దు 37వ సెక్షన్‌లో ఉంది: ప్రమాదం తప్పించడానికి ఎంత అవసరమో అంతే. కత్తి జారి కిందపడి, వాడు చేతులెత్తేశాక మీరు కొట్టే ప్రతి దెబ్బా కొత్త నేరం, దానికి నిందితుడు మీరే అవుతారు.

చేయి వేయాల్సి వస్తే

ఒంటరిగా వేయొద్దు, ఇంకో ఇద్దరిని పిలవండి. ఒక్కొక్కరు ఒక్కో చేయి, ఒక్కో కాలు పంచుకోవడం మేలు. చేతిని మణికట్టు దగ్గర, మోచేయి పైన, రెండు చోట్ల పట్టుకోవాలి. వేళ్లు మెలితిప్పొద్దు. జుట్టు పట్టొద్దు.

మెడ జోలికి అస్సలు పోవద్దు. మోకాలితో తొక్కినా, చేత్తో బిగించినా ప్రాణం పోతుంది. మా రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఈ విషయం మీద చాలాసేపు మాట్లాడాడు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఛాతీ ఆడదు, ఊపిరి అందదు. అప్పుడు ఆ మనిషి గింజుకుంటాడు. జనం దాన్ని "ఇంకా తిరగబడుతున్నాడు" అనుకుని మరింత గట్టిగా నొక్కుతారు. తీరా చూస్తే వాడు కొట్లాడటం లేదు, గాలి కోసం తన్నుకుంటున్నాడు. "ఊపిరాడట్లేదు" అని ఎవరన్నా అంటే నాటకమనుకోకండి. బేడీలు పడగానే పక్కకు తిప్పి పడుకోబెట్టమని గానీ కూర్చోబెట్టమని గానీ పోలీసుకు గుర్తు చేయండి. ఆ కంగారులో ఆయనా మర్చిపోవచ్చు.

పోలీసు లాఠీ కిందపడితే తీసుకుని కొట్టొద్దు, కాలితో దూరంగా తోయండి. నడుముకు తుపాకీ ఉంటే దాని దగ్గరికి మీ చేయి పోనేకూడదు. అవతలివాడి చేయి అటు పోతుంటే మాత్రం అన్నీ వదిలి ఆ చేయి పట్టుకుని గట్టిగా అరవండి.

అవతల ఉన్నది ఆడమనిషి అయితే మగవాళ్లు ముట్టుకోకుండా, అక్కడున్న అక్కలనో అమ్మలనో సాయానికి పిలవండి. అరెస్టు సమయంలో మగ పోలీసు కూడా మామూలుగా ఆడవాళ్లను తాకకూడదన్నది చట్టంలోని నియమమే.

చేయి వేయకుండా చేసే సాయం

నిజానికి మనలో చాలామంది చేయాల్సింది ఇదే. జనాన్ని పదడుగులు వెనక్కి పంపండి. పిల్లల్ని పక్కకు తీయండి. గంగమ్మ జాతర రోజుల్లో తాతయ్యగుంట చుట్టుపక్కల సందుల్లో ఇలాంటిది జరిగితే పెనుగులాట కంటే తొక్కిసలాటే ఎక్కువ ప్రమాదం. దారి ఖాళీ చేసి, వచ్చే పోలీసు బండికి చేయి ఊపి చోటు చూపించండి. దొంగిలించిన వస్తువు కిందపడితే ముట్టుకోకుండా కాపలా ఉండండి. దెబ్బతిన్నవాళ్ల పక్కన కూర్చోండి. మా బస్టాండు సంఘటనలో పర్సు పోయిన ఆమె భాష రాక ఏడుస్తూ నిలబడింది. ఒక్కరం కూడా ఆమె దగ్గరికి పోలేదు.

"కొట్టొద్దు" అని అనగలిగే గొంతు కూడా గుంపులో ఒకటి కావాలి. ఒకరంటే ఇంకొకరికి ధైర్యం వస్తుంది.

శేషాచలం దారుల్లో మాత్రం దూకొద్దు

భాకరాపేట ఘాటులోనో మామండూరు రోడ్డులోనో ఎర్రచందనం బండిని పోలీసులు వెంబడించడం కనబడితే, సాయం అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు చంపేశారు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్ మీదికి కారు ఎక్కించి చంపారు. శిక్షణ ఉన్నవాళ్లకే ఆ గతి పట్టింది. మీ బైకు అడ్డం పెట్టొద్దు. రోడ్డు దిగి నిలబడి, బండి నంబరు, రంగు, పోయిన దిక్కు గుర్తుపెట్టుకుని 112కి చెప్పండి.

తప్పు పోలీసుదే అనిపిస్తే

లొంగిపోయిన మనిషిని పోలీసే కొడుతుంటే చూస్తూ ఊరుకోమని నేను చెప్పను. కానీ పోలీసు మీద చేయి వేయొద్దు. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద దౌర్జన్యం అంటూ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద కేసు పడుతుంది, రెండేళ్ల దాకా శిక్ష ఉంది, దానివల్ల ఆ దెబ్బలు తినేవాడికి ఒరిగేదేమీ లేదు. దూరంగా, దారికి అడ్డం లేకుండా వీడియో తీయండి. "సార్, లొంగిపోయినాడు సార్, చాలు" అని మర్యాదగా, అందరికీ వినబడేలా చెప్పండి. తప్పించుకోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకంటే ఎక్కువ నిర్బంధం పెట్టకూడదని సురక్షా సంహితలోనే ఉంది. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనబడాలని కూడా ఉంది, ఆ పేరు చదివి రాసుకోండి. తర్వాత జిల్లా ఎస్పీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏడాదిలోగా మానవ హక్కుల కమిషన్‌కు పోవచ్చు. ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరు ఉంది.

అయిపోయాక

చాలామంది సాయానికి వెనకాడేది దెబ్బల భయంతో కాదు, "స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు సామీ" అన్న భయంతో. అందులో కొంత తెలియకపోవడం వల్ల వచ్చిందే. ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు, అరవై ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని పోలీసులు బలవంతపెట్టకూడదు, ఇంటికే వచ్చి మాట్లాడాలి. దర్యాప్తులో మీరు చెప్పింది పోలీసులు రాసుకుంటే దాని మీద మీరు సంతకం పెట్టకూడదు, పెట్టమని అడిగినా చట్టం అలా లేదని చెప్పండి. పంచనామా వేరు, దానికి సాక్షిగా ఉంటే సంతకం ఉంటుంది, చదివిన తర్వాతే పెట్టండి.

వీడియో తీసి ఉంటే ఫోన్లో అసలు ఫైలు అలాగే ఉంచండి. కత్తిరించొద్దు, పాటలు పెట్టొద్దు, గ్రూపుల్లో పంపొద్దు. పట్టుబడినవాడి ముఖం ఊరంతా తిరిగాక వాడు కాదని తేలితే ఆ మనిషి బతుకు ఎవరు బాగుచేస్తారు?

మీ ఒంటిని కూడా చూసుకోండి. పెనుగులాటలో గీరుకుపోవడం, కొరకడం మామూలే. అవతలివాళ్ల రక్తం మీ గాయానికి అంటినా, గట్టిగా కొరికినా, సబ్బు నీళ్లతో బాగా కడిగి అదే రోజు రుయా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీటీ ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకుండా, రక్తం అంటిందన్న సంగతి డాక్టరుకు విప్పి చెప్పండి. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.