కొత్త డిస్క్ బిగించే ముందు పాత డిస్క్ కేబుల్ పీకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "ఎలాగూ విండోస్ 11 వేయాలి కదా, పనిలో పనిగా ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టేసుకుంటే పోలా?" మంచి ఆలోచనే, ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌లతో నడిచే వేగమైన డిస్క్. కానీ అందరి భయమూ కొత్త డిస్క్ మీదే ఉంటుంది. కొత్త డిస్క్‌లో ఏముందని పోవడానికి? తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు. పోయేదల్లా పక్కన తగిలించి ఉన్న పాత డిస్క్‌లోదే.

ఇది నాకు మా చిన్నాన్నగారింట్లో తెలిసొచ్చింది. పాత డిస్క్ 1 టీబీ, కొత్తగా కొన్నదీ 1 టీబీ. డిస్కులను నడిపే విండోస్ కమాండ్ ప్రోగ్రాం డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ అని కొడితే రెండూ 931 జీబీ అనే కనిపించాయి. డిస్క్ 1 కొత్తదే అనుకుని సెలెక్ట్ చేసి, క్లీన్ అని కొట్టాను. "నిజంగానే చెరిపేయమంటారా?" అని ఆ కమాండ్ అడగదు. రెండు సెకన్లలో అయిపోయింది. పార్టిషన్ చేశాను (అంటే డిస్క్‌ను భాగాలుగా విడదీశాను), క్విక్ ఫార్మాట్ కొట్టాను, తర్వాత చూస్తే పాత డీ డ్రైవ్ లేదు. "అందులోనే కదరా చెల్లి పెళ్లి ఫొటోలన్నీ" అంది పిన్ని. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో రెండు రాత్రులు కూర్చుంటే ఫొటోలు చాలావరకు తిరిగొచ్చాయి. కానీ మంగళస్నానాలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అని మా చెల్లి పేర్లు పెట్టుకున్న ఫోల్డర్లు రాలేదు. వేల ఫైళ్లు వట్టి నంబర్లతో వచ్చాయి. వీడియోలు కొన్ని తెరుచుకోనే లేదు. అది పాతరకం తిరిగే హార్డ్ డిస్క్ కాబట్టి ఆ మాత్రమైనా దక్కాయి. ఎస్‌ఎస్‌డీ అయితే క్విక్ ఫార్మాట్ కొట్టగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, ఆ చోటంతా ఖాళీ అయినట్టే డిస్క్ లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత రికవరీ మీద ఆశ పెట్టుకోకూడదు.

అందుకే నా మొదటి జాగ్రత్త ఎప్పుడూ ఇదే. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పాత డిస్క్‌ను మదర్‌బోర్డ్‌కు కలిపే సాటా కేబుల్ పీకేయండి. కొత్తది ఒక్కటే ఉంచి విండోస్ వేయండి. లేని డిస్క్‌ను పొరపాటున కూడా చెరపలేం. దీంతో ఇంకో మేలూ ఉంది. పాత డిస్క్ తగిలించే ఉంటే, విండోస్ సెటప్ ఒక్కోసారి కంప్యూటర్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లను అందులో అప్పటికే ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో పెట్టేస్తుంది. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. ఆరు నెలల తర్వాత పాతది తీసి పక్కన పెట్టిన రోజు కంప్యూటర్ లేవదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పాతది తీయడం కుదరకపోవచ్చు. అలాంటప్పుడు రెండు డిస్కుల కంపెనీ, మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. డిస్క్‌పార్ట్‌లో డిస్క్‌ను సెలెక్ట్ చేశాక డిటెయిల్ డిస్క్ అని కొడితే మోడల్ పేరు చూపిస్తుంది. ఆ పేరు, కాగితం మీది పేరు ఒకటేనా అని చూసుకున్నాకే క్లీన్ కొట్టండి. డిస్క్ 0, డిస్క్ 1 అనే నంబర్లను నమ్మొద్దు. కేబుల్ మారినా, పెన్ డ్రైవ్ పెట్టినా అవి మారిపోవచ్చు.

బ్యాకప్ మాటకొస్తే, "డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టాను" అంటారు చాలామంది. సీ, డీ రెండూ ఒకే డిస్క్ అయితే అది బ్యాకప్ కాదు. ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి. వేరే డిస్క్‌లోకో, వేరే కంప్యూటర్‌లోకో కాపీ చేయండి. చేశాక అక్కడ నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి సీ డ్రైవ్‌లోవే అన్న సంగతి మరచిపోవద్దు. ఇళ్లలో ముఖ్యమైన కాగితాల స్కాన్లు ఎక్కువగా ఉండేది అక్కడే.

డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా ముందే చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే మనకు తెలియకుండానే ఆ తాళం (ఎన్‌క్రిప్షన్) మొదలై ఉండవచ్చు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాంలో) సెట్టింగ్ మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. దాన్ని కాగితం మీద ఎక్కించుకోండి, పని మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. ఆ కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా ఆ డేటా తెరిచి ఇవ్వలేదు.

ఇక కరెంటు. పార్టిషన్‌ను జరపడం, కుదించడం లాంటి పనుల మధ్యలో కరెంటు పోవడం అన్నిటికంటే చెడ్డది. ఉరుములు మెరుపుల సాయంత్రం ఈ పని పెట్టుకోకండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అనుకోవద్దు. మామూలు మోడ్‌లో అది మారే ఆ క్షణకాలానికే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి, ఛార్జర్ కూడా పెట్టే ఉంచాలి.

డిస్క్ కనబడలేదంటే

కొత్త డిస్క్ బిగించి విండోస్ తెరిస్తే దిస్ పీసీలో కనబడదు. కంగారుపడి షాపుకు తిరిగిచ్చేయకండి. అది సర్వే కాని భూమి లాంటిది. పొలం ఉంది, గట్లు లేవు, అడంగల్‌లో పేరు ఎక్కలేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ నాట్ ఇనీషియలైజ్డ్ అని కనిపిస్తే డిస్క్ బాగానే ఉన్నట్టు. ఇనీషియలైజ్ చేసి (అంటే పార్టిషన్ల పట్టిక రాయించి), అన్ఎలకేటెడ్ అని నల్లగీతతో ఉన్న చోట కొత్త వాల్యూమ్ చేసుకోవడమే. డేటా ఉన్న పాత డిస్క్‌ను తగిలించినప్పుడు ఇనీషియలైజ్ చేయమనో, ఫార్మాట్ చేయమనో అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కి అక్కడితో ఆగండి. అడంగల్ చిరిగినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. టెస్ట్‌డిస్క్ లాంటి ప్రోగ్రాం పాత గట్ల ఆనవాళ్లు పట్టి ఆ పట్టికను తిరిగి రాయగలదు. ఫార్మాట్ కొట్టడమంటే పొలం దున్నేయడమే.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ లేకపోతే బయోస్‌లో చూడండి. అక్కడా లేదంటే అది పార్టిషన్ గొడవ కాదు, బిగింపులో తేడా. సాటా డిస్క్‌కు డేటా కేబుల్, పవర్ కేబుల్ అని రెండుంటాయి, ఒకటి వదులైనా చాలు. మదర్‌బోర్డ్‌కే నేరుగా గుచ్చే పలకలాంటి ఎం.2 డిస్క్ అయితే స్లాట్ ఏ రకందో మదర్‌బోర్డ్ పుస్తకంలో చూడాలి. కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం మాత్రమే తీసుకుంటాయి, కొన్ని సాటా మాత్రమే. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. బయోస్‌లో ఉండి విండోస్ సెటప్‌లో లేకపోతే, అందులోనూ ఇంటెల్ 11వ తరం లేదా ఆ తర్వాతి ల్యాప్‌టాప్ అయితే, డిస్కులను నియంత్రించే ఇంటెల్ పద్ధతి వీఎండీకి కావాల్సిన డ్రైవర్ అందకపోవడమే చాలాసార్లు కారణం. తయారీ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, పెన్ డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ కనబడుతుంది.

1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందని కొందరు మోసపోయామనుకుంటారు. కంపెనీ లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ ఒక జీబీకి 107 కోట్ల పైచిలుకు బైట్లు లెక్కేస్తుంది. కాబట్టి 500 జీబీది 465గా, 2 టీబీది 1863గా కనిపిస్తాయి. అసలు అనుమానించాల్సింది ఆన్‌లైన్‌లో కారుచౌకగా అమ్మే 16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలను. లోపల చిన్న మెమరీ చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేలా చేసినవి ఉన్నాయి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో నిండా రాయించి, చదివించి చూడండి.

ఎంబీఆరా, జీపీటీయా

ఇనీషియలైజ్ చేసేటప్పుడు అడిగే ఈ ప్రశ్న దగ్గరే సగం తిప్పలు మొదలవుతాయి. రెండూ డిస్క్‌లో పార్టిషన్ల పట్టిక రాసే పద్ధతులే. ఎంబీఆర్ 1983 నాటి పద్ధతి. డిస్క్‌లోని చిన్న గడి అయిన సెక్టర్ నంబర్ రాసుకోవడానికి అందులో 32 బిట్ల చోటే ఉంది. సెక్టర్‌కు 512 బైట్ల చొప్పున లెక్కేస్తే 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. 4 టీబీ డిస్క్‌కు ఎంబీఆర్ పెడితే విండోస్ లెక్కలో 2048 జీబీ మాత్రమే వాడుకోగలం. మిగిలిన 1678 జీబీ మీద రైట్ క్లిక్ కొట్టినా ఏ ఆప్షనూ వెలగదు. 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనిపిస్తే ఆ హద్దు పాత యూఎస్‌బీ డాక్‌లోనో, పాత డ్రైవర్‌లోనో ఉన్నట్టు. జీపీటీకి ఈ ఇబ్బంది లేదు. విండోస్‌లో 128 పార్టిషన్లు చేసుకోవచ్చు. పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర కూడా ఉంటుంది. ఈ కాలపు కంప్యూటర్‌కు కళ్లు మూసుకుని జీపీటీ ఎంచుకోండి. బయోస్‌కు కొత్త రూపమైన యూఈఎఫ్‌ఐ లేని పాత మెషిన్‌లో విండోస్ బూట్ కావాలంటేనే ఎంబీఆర్.

సెటప్‌లో "ఈ డిస్క్‌లో ఎంబీఆర్ ఉంది, జీపీటీ అయితేనే వేస్తాను" అని మొండికేస్తే, డిస్క్ నిజంగా ఖాళీదేనని మరోసారి చూసుకుని షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ విండో తెరవండి. డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్, కన్వర్ట్ జీపీటీ: వరుస ఇంతే. డేటా ఉన్న విండోస్ డిస్క్‌కు ఈ దారి వద్దు. దానికి విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే సొంత సాధనం ఉంది, చెరపకుండా మారుస్తుంది. ఆ తర్వాత బయోస్‌లో లెగసీ (పాత బూట్ పద్ధతి) తీసి యూఈఎఫ్‌ఐ పెట్టాలి. అయినా సరే, బ్యాకప్ లేకుండా దాని జోలికి పోవద్దు.

ఎంబీఆర్ డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి చోటు లేదు. అలాంటి డిస్క్‌లో ఇంకోటి చేయబోతే డైనమిక్ డిస్క్ అనే తన సొంత పద్ధతిలోకి మారుస్తానని విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది. దాన్ని చదవకుండా యస్ నొక్కినవాళ్లు నాకు చాలామంది తెలుసు. విండోస్ సొంత పద్ధతిలో దాన్ని వెనక్కి తేవాలంటే ఆ డిస్క్‌లోని వాల్యూమ్‌లన్నీ తీసేయాలి. నో నొక్కండి.

సీ డ్రైవ్ పెంచుదామంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మసకగా ఉందంటే, ఖాళీ చోటు సీకి కుడిపక్క ఆనుకుని లేదన్నమాట. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంటుంది. పక్క పొలం మనదే అయినా మధ్యలో వేరేవాళ్ల సెంటు భూమి ఉంటే కలపలేం కదా! అలాగని చిన్నవి కదా అని 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ లాంటివాటిని డిలీట్ చేయకండి. కంప్యూటర్ లేచేది దాని మీదే. కుదించేటప్పుడు సగం ఖాళీగా ఉన్నా కొంచెమే ఇస్తానంటే, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ లాంటి కదలని ఫైళ్లు చివర్లో కూర్చున్నట్టు. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

అంతా అయ్యాక కంప్యూటర్ ఆపి పాత డిస్క్ కేబుల్ తిరిగి పెట్టండి. బయోస్‌లో బూట్ వరసలో కొత్తది మొదట ఉందో లేదో చూడండి. పాతదాన్ని ఆ రాత్రే ఫార్మాట్ కొట్టకండి. ఒక నెల అలాగే ఉంచండి. టాలీ డేటా, ఫోన్ బ్యాకప్, ఎప్పుడో దాచిన ఇంటి పన్ను రసీదు గుర్తొచ్చేది ఆ నెలలోనే.