పవర్ యాంటెన్నా మోటారు మార్చే ముందు, మార్చేటప్పుడు

కారు రేడియో వేస్తే మోటారుతో తనంతట తానే పైకి లేచేది పవర్ యాంటెన్నా. రేడియో వేయగానే మోటారు గుయ్యిమంటూ తిరుగుతున్నా యాంటెన్నా కడ్డీ పైకి రాకపోతే మోటారు కొనకండి. చాలావరకు కడ్డీని పైకి నెట్టే లోపలి పళ్ల నైలాన్ తాడు తెగి ఉంటుంది. కడ్డీ, తాడు కలిపి విడిగా దొరుకుతాయి. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టరు దగ్గర 12 వోల్టులు చూడాలి. సాధారణంగా వైర్లు మూడు: ఎప్పుడూ కరెంటు ఉండేది, రేడియో వేస్తేనే వచ్చేది, ఎర్తు. మూడూ బాగుండీ కదలకపోతేనే మోటారును అనుమానించాలి.

విశాఖలో దీనికి అసలు శత్రువు నీళ్లు. మోటారు అడుగున సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. అది మట్టితో పూడితే వాన నీరు లోపలే నిలుస్తుంది, బీచ్ రోడ్డు ఉప్పుగాలి మిగతా పని చేస్తుంది. నేను విప్పిన మోటారులో బ్రష్‌ల (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) దగ్గర ఆకుపచ్చ చిలుము పొడిలా రాలింది.

బ్యాటరీ నెగటివ్ తీసి, డిక్కీ పక్క లైనింగ్ విప్పి, పైన నట్టు, లోపల బ్రాకెట్ బోల్టులు తీస్తే మోటారు కిందికి దిగుతుంది. రేడియో కేబుల్‌ని లాగకండి, ప్లగ్గు పట్టుకుని తీయండి.

కొత్తది పెట్టేముందు బ్రాకెట్ ఆనే చోట తుప్పు, పెయింటు గీకి మెరిసే ఇనుము కనిపించాలి. ఎర్తు సరిగా అందకపోతే రేడియోలో గరగర పోదు. పైనట్టు, బోల్టులు వదులుగా పెట్టి, కడ్డీ నిటారుగా వచ్చాకే బిగించాలి. గొట్టం కొస బండి బయటికి, కిందికి ఉండాలి.

కడ్డీకి గ్రీజు వద్దు, ఇసుక అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.