దసరా కారు కొనే ముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి

ఆషాఢంలో బండి కొనకూడదంటారు మనవాళ్లు. సరే, కొనకండి. కానీ దసరాకు పాత కారు కొనాలనుకుంటే చూడటం మాత్రం అప్పుడే మొదలుపెట్టండి. గిరాకీ లేని నెల కాబట్టి అమ్మేవాడు బేరానికి దిగుతాడు. పైగా వాన పడుతున్నప్పుడు కారులో పది నిమిషాలు కూర్చుంటే, తలుపు రబ్బరు కారుతోందో లేదో, వైపర్ అద్దాన్ని తుడుస్తోందో గీస్తోందో మీ కళ్ల ముందే తేలిపోతుంది. బయటి రంగు మాత్రం వానలో చూడొద్దు. తడిసిన కారు ఒంటి మీద సొట్టలు, కొత్తగా వేసిన పెయింటు కనబడవు. దానికి ఎండలో మరోసారి వెళ్లాల్సిందే.

హైదరాబాదులో పాత కారు కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు భయపడాల్సింది నీటికి. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తుందా? టోలిచౌకి నదీం కాలనీలోనూ, సరూర్‌నగర్ వైపూ కార్లు నీళ్లలో మునిగాయి, కొన్ని కొట్టుకుపోయాయి. ఆ ఏడాది దసరా అదే నెల 25న, అంటే కార్లు మునిగిన పన్నెండు రోజులకే. అంత పెద్ద వాన ఏటా రాకపోయినా, సెల్లార్లలో నీళ్లు నిలవని ఏడాది ఉండదు. మరమ్మతు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి, పరిహారం ఇచ్చేస్తుంది. మిగిలిన బండి వేలానికి పోతుంది. దాన్ని కొన్నవాళ్లు కడిగి, ఆరబెట్టి, మెరుగుపెట్టి మళ్లీ అమ్మకానికి పెట్టవచ్చు. మునిగిన సంగతి ఆర్‌సీ మీద ఎక్కడా ఉండదు.

మా బావమరిదికి అలాంటిదే ఒకటి తగిలింది. మిగతా చోట్ల అడిగినదానికన్నా నలభై వేలు తక్కువ, కొత్త సీటు కవర్లు, తలుపు తీయగానే గుప్పుమన్న మల్లెపూల సెంటు. "బావా, ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో చూడు" అని మురిసిపోతున్నాడు. మాతో వచ్చిన మెకానిక్ ఏమీ మాట్లాడకుండా వెనక సీటు బెల్టు పట్టుకుని, ఇక రాదన్నంతవరకూ లాగాడు. చివరి జానెడు మేర టీ డికాక్షన్ రంగు మరక, దాని పైన గీత గీసినట్టు శుభ్రమైన నలుపు. తర్వాత డిక్కీలో స్టెప్నీ ఎత్తి, గుంటలో వేలు పెట్టి మాకు చూపించాడు. వేలికి మెత్తటి ఒండ్రు. "కారు కడిగినప్పుడు పడింది సార్" అన్నాడు అమ్మేవాడు. కారు కడిగితే సబ్బు నీళ్లు మిగులుతాయి గానీ ఒండ్రు ఎక్కడినుంచి వస్తుంది?

సీటు కింది బోల్టుల తుప్పు, ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము, హెడ్‌లైటు లోపలి చెమ్మ కూడా చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే దాన్ని ఎవరో పీకేశారని అనుమానించాలి. మునిగిన కారు కొన్నరోజే మొరాయించదు. వైర్ల లోపల చిలుము మెల్లగా పాకి నెలల తర్వాత దెబ్బ తీస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఫోను ఎత్తడు.

ఇంజిను సంగతికి వస్తే, మీరు వెళ్లేసరికి బోనెట్ చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి పెట్టారంటే చల్లటి ఇంజిను స్టార్టవడానికి ఇబ్బంది పడుతోందేమో. ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

డబ్బు విషయంలో మనవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది చిట్టీని. దసరాకు కారు కావాలని మొదటి నెలల్లోనే పాట పాడితే, వదులుకునే మొత్తం బ్యాంకు వడ్డీని మించిపోవచ్చు. తొందర లేనివాళ్లు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోవడమే నయం. నాలుగు లక్షలు పోగైతే మూడున్నర లక్షల కారే వెతకండి. టైర్లు, బ్యాటరీ, బదిలీ ఖర్చులు మిగతా యాభై వేలనూ తినేస్తాయి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిం బోనస్ (బీమా క్లెయిం చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, బీమా మీకు ఆ తగ్గింపుతో రాదు.

కాగితాల్లో బండిని మీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 ఎలాగూ అడుగుతారు. బండి మీద అప్పు ఉంటే అది తీరిందన్న బ్యాంకు లేఖ ఒక్కటే చాలదు, ఫారం 35తో ఆర్‌సీలో ఆ బ్యాంకు పేరు తీయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. చలానాలు అమ్మేవాడే కట్టాలి. బీమా బదిలీకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. నంబరు ప్లేటునూ ఒకసారి పరిశీలనగా చూడండి. టీజీ అక్షరాలు వచ్చింది 2024 మార్చిలో. 2019 కారుకు టీజీ నంబరు ఉందంటే అది పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరయిందేమో అడగండి. కర్ణాటక, మహారాష్ట్ర నంబరు ఇంకా మార్చకుండా అమ్ముతుంటే అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవడంతో పాటు తెలంగాణలో జీవితకాల పన్ను కొత్తగా కట్టాలి. ఆ చౌక వెనక ఉన్న లెక్క అదే.

బావమరిది చివరికి తమ అపార్ట్‌మెంటులోని మాస్టారి కారే కొన్నాడు, సర్వీసు బిల్లులన్నీ ఒకే ఫైలులో ఉన్నాయి. మెకానిక్ అతనికి చెప్పిన చివరి మాట: మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లలో ఇంజిను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకండి, సిలిండర్లలోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, నలుగురిని పిలిచి తోయించండి.