రాత్రి మూడింటికి కుందేలు పంజరం కొరుకుతుంటే ఏం చేయాలి?

"అది పడుకోదు, మమ్మల్ని పడుకోనివ్వదు" అంటూ తెచ్చుకున్న నెలకే కుందేలును ఎవరికో అంటగట్టేసేవాళ్ళను చాలామందిని చూశాను. తప్పు కుందేలుది కాదు. అది తెల్లవారుజామున, సందెవేళ చురుగ్గా తిరిగే జంతువు. ఎండెక్కాక ఎక్కువసేపు, నడిరాత్రి మరికొంత నిద్రపోతుంది. రోజు మొత్తం మీద 8 గంటల దాకా పడుకుంటుంది కానీ ముక్కలు ముక్కలుగా. ఈ పద్ధతిని మనం మార్చలేం. సాయంత్రం దాని ఓపికంతా ఖర్చు చేయించి, తెల్లవారుజాము గోలను తగ్గించుకోగలం.

ముందు సామాను సంగతి. కనీసం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న మడత కంచె, కింద రంగు వేయని తుంగచాప, రెండువైపులా కన్నాలున్న అట్టపెట్టె, బోలెడంత ఎండుగడ్డి. తీగల అడుగున్న పంజరం వద్దు. కుందేలు అరికాళ్ళకు కుక్కకున్నట్టు మెత్తలు ఉండవు, రోమాలే. తీగల మీద కూర్చుని కూర్చుని పుండ్లు పడతాయి. నీళ్ళు బరువైన మట్టి మూకుడులో పెట్టాలి. గొట్టం సీసా కొనకండి. కుందేలు నాలుకతో నెట్టినప్పుడల్లా లోపలి గోళీ టకటకమంటుంది, సగం మంది నిద్ర చెడేది దానివల్లే. గడ్డి అంటే కుందేళ్ళ కోసం ప్యాకెట్లలో అమ్మే తిమోతి గడ్డే కానక్కర్లేదు. మందులు కొట్టని చోట గరిక కోసి నీడన ఆరబెట్టినా బ్రహ్మాండంగా తింటుంది. వరిగడ్డి పరుపుకు పనికొస్తుంది, అదొక్కటే తిండిగా పెట్టకండి.

చోటు హాల్లో ఒక మూల. కుక్కర్ విజిల్‌కు, టీవీకి దూరంగా ఉండాలి. బాల్కనీ మాట ఎత్తకండి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే దాని ప్రాణానికే ముప్పు. మన ఎండాకాలం పగళ్ళలో సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా కంచె తెరిచి పరిగెత్తనివ్వండి. మీరు పడుకునే ముందు లోపలికి పంపి, గుప్పెడు కొత్తిమీర వేసి, గడ్డి నిండుగా పెట్టి లైటు తీసేయండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

అందరూ చెడగొట్టేది రాత్రి మూడింటికే.

కంచె కడ్డీలను పట్టుకుని కొరుకుతుంది. మీరు లేచి, విసుక్కుంటూనే ఒక క్యారెట్ ముక్క పడేసి వస్తారు. కొరికితే క్యారెట్ వస్తుందని దానికి ఆ ఒక్క రాత్రిలోనే తెలిసిపోతుంది. మీరు దానిమీద అరిచినా అంతే, మీరు లేచి రావడమే దానికి కావాలి. కాబట్టి వెళ్ళకూడదు. మొదటి మూడు నాలుగు రాత్రులు గోల తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన కిటుకు ఎందుకు పనిచేయడం లేదో తెలియక ఇంకా గట్టిగా కొరుకుతుంది. మా కుందేలు జున్ను విషయంలో నాలుగో రాత్రి మా అత్తయ్య జాలిపడి అరటిపండు ముక్క ఇచ్చింది. నాలుగు రాత్రులు మొండికేస్తే పని జరుగుతుందని అది నేర్చుకుంది. ఆ పాఠం మరిపించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అయితే పట్టించుకోకపోవడం వేరు, చూడకపోవడం వేరు. కొరకడం అల్లరి. వెనక కాలితో నేలను దబ్బుమని తన్నడం భయం. కిటికీలో పిల్లి ఉందేమో చూడండి, చిన్న లైటు వేసి కాసేపు పక్కన కూర్చోండి, తిండి మాత్రం ఇవ్వకండి. ముడుచుకు కూర్చుని పళ్ళు గట్టిగా నూరుతుంటే అది నొప్పి. 10, 12 గంటలుగా గడ్డి ముట్టలేదు, పెంటికలు వేయలేదు అంటే పొట్ట కదలడం ఆగిపోయినట్టే. తెల్లారాక చూద్దాం అనుకోకుండా అప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. చాలా క్లినిక్కుల్లో కుక్కల్ని, పిల్లుల్నే చూస్తారు. కుందేళ్ళను చూసేదెవరో ముందే కనుక్కుని పెట్టుకోండి.

కంగారుపడకూడనివీ ఉన్నాయి. కుందేలు కళ్ళు తెరిచే నిద్రపోగలదు. ముక్కు ఆడటం నెమ్మదించిందంటే నిద్రలో ఉన్నట్టే. ఒక్కోసారి తుపాకీ దెబ్బ తగిలినట్టు ధబీమని పక్కకు పడిపోతుంది. చచ్చిపోయిందని నేను మొదటిసారి ఏడ్చినంత పనిచేశాను. అది హాయిగా ఉన్నప్పుడే అలా పడుకుంటుంది. మనం వెల్లకిలా తిప్పినప్పుడు కదలకుండా ఉండటం మాత్రం నిద్ర కాదు, భయంతో కొయ్యబారిపోవడం. వీడియోల కోసం అలా చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పంజరం మీద దుప్పటి కప్పమని కొందరు సలహా ఇస్తారు. మన ఉక్కలో గాలి ఆడకుండా చేయడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటున్నాననుకున్నా ఫరవాలేదు, కప్పకండి.

ఉదయం లేచిన వెంటనే తిండి పెట్టడం కూడా పొరపాటే. పళ్ళు తోముకుని, కాఫీ తాగి, అది నెమ్మదించాక పెట్టండి. దీపావళి రాత్రి మాత్రం ఈ నియమాలేవీ ఉండవు. కిటికీలు మూసి, పెట్టె నిండా గడ్డి కూరి, బాంబుల మోత ఆగేదాకా దాని పక్కనే చాప వేసుకుని పడుకోండి.