ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేముందు కౌన్సిల్ రికార్డుల తనిఖీ

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేవారు, అమ్మకందారు తమ ఆఫర్‌ను అంగీకరించిన తరువాత, ఒప్పంద పత్రాలు మార్చుకోకముందే, సొలిసిటర్ (న్యాయవాది) ద్వారా లోకల్ అథారిటీ సెర్చ్, అంటే కౌన్సిల్ అనే స్థానిక పాలనా సంస్థ దగ్గర ఆ ఇంటి గురించి ఉన్న రికార్డుల తనిఖీ, చేయించుకోవాలి. ఇంటి రుణమిచ్చే సంస్థలు సాధారణంగా దీన్ని కోరతాయి. పూర్తిగా సొంత డబ్బుతో కొనేవారు మానుకునే వీలున్నా, మానుకోవద్దనే నా గట్టి సలహా.

మన వైపు ఈసీ తీయించడం అలవాటైనవారు ఇదీ అలాంటిదేనని అనుకోవచ్చు. కానీ యాజమాన్యం, తాకట్టు వివరాలు ల్యాండ్ రిజిస్ట్రీ పత్రాల్లో ఉంటాయి, ఇందులో కాదు. ఎల్‌ఎల్‌సీ1 అనే భాగం, ఆ ఇల్లు చారిత్రక కట్టడాల జాబితాలో ఉందా, పెరటి చెట్టును నరకకూడదనే ఉత్తర్వు ఉందా వంటి ఆంక్షలను తెలుపుతుంది. కాన్29 అనే ప్రశ్నావళి ప్లానింగ్ అనుమతుల చరిత్రను, 200 మీటర్ల లోపు ప్రతిపాదిత రోడ్డు, రైలు పథకాలను వెల్లడిస్తుంది.

ఇంటి ముందు రోడ్డును కౌన్సిల్ స్వీకరించిందో లేదో, అంటే దాని నిర్వహణ బాధ్యత తీసుకుందో లేదో, తప్పక చదవండి. స్వీకరించకపోతే మరమ్మతుల ఖర్చు ఇంటి యజమానులపై పడవచ్చు. వంటగదిని వెనక్కి పొడిగించినట్టు కళ్లకు కనిపిస్తున్నా, నివేదికలో అనుమతి గాని, బిల్డింగ్ రెగ్యులేషన్స్ (నిర్మాణ నిబంధనలు) ప్రకారం పని పూర్తయిందనే ధ్రువపత్రం గాని కనిపించకపోతే, సంతకానికి ముందే అమ్మకందారును వివరణ అడిగించండి.

మురుగునీటి పారుదల, బొగ్గు గనుల తనిఖీలు వేరు. పక్క ఖాళీ స్థలంలో రాబోయే భవనం సంగతి కూడా ఈ నివేదికలో సాధారణంగా ఉండదు కనుక, కౌన్సిల్ ప్లానింగ్ వెబ్‌సైటులో ఆ వీధి పేరుతో మీరే వెతకండి.