పిల్లి కంట్లో మచ్చ పెరుగుతుంటే: కన్ను తీయించే ఆపరేషన్, ముందూ వెనకా

పిల్లి కంటి లోపల పుట్టే కణితుల్లో ఎక్కువగా కనిపించేది ఐరిస్ మెలనోమా, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయంలో (ఐరిస్) పుట్టే క్యాన్సర్. మొదట నువ్వుగింజంత గోధుమరంగు మచ్చగా ఉంటుంది. ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేవీ ఉన్నాయి. అందుకే నెలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. చీకట్లో కంటిపాప పెద్దదై, మచ్చ ముడుచుకుపోయి చిన్నదిగా కనిపిస్తుంది, మోసపోవద్దు. మచ్చ పాకుతున్నా, ముఖమల్ గుడ్డలా ఉబ్బినా, పాప ఆకారం వంకరపోయినా, కంట్లో ప్రెషర్ పెరిగినా కన్ను తీయించడమే మేలు. ఆలస్యమయ్యేకొద్దీ కాలేయానికో ఊపిరితిత్తులకో పాకే ప్రమాదం పెరుగుతుంది.

ముందు రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ చేయించాలి. మత్తుకు ముందు తిండి ఎన్ని గంటలు ఆపాలో డాక్టరుగారినే అడగండి.

కణితి ఉన్న కన్ను తీసేటప్పుడు రెప్పలు రెండూ కలిపి కుట్టేసి, రెప్పల అంచుకు సుమారు 5 మి.మీ. అవతల చర్మం కోసి, రెప్పల లోపలి పొరతో, మూడో రెప్పతో (పిల్లి కంటి లోపలి మూలన ఉండే పల్చటి రెప్ప) సహా మూటలా తీస్తారు. ఆ పొర గానీ మూడో రెప్పలోని కన్నీటి గ్రంథి గానీ మిగిలిపోతే నెలల తర్వాత ఆ గుంటలో నీరు చేరి ఉబ్బుతుంది. అన్నిటికన్నా భయపడాల్సింది కనుగుడ్డును ముందుకు లాగడం. పిల్లికి కంటినరం చాలా పొట్టి. గట్టిగా లాగితే రెండు కళ్ల నరాలు కలిసేచోట దెబ్బ తగిలి, బాగున్న రెండో కంటి చూపు కూడా పోవచ్చు. కండరాలను గుడ్డుకు దగ్గరగా కత్తిరించి, నరాన్ని లాగకుండానే కోయాలి. ఆ సమయంలో గుండె వేగం ఒక్కసారిగా తగ్గవచ్చు. అప్పుడు చెయ్యి ఆపాలి, గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు దగ్గర ఉండాలి. ఈ ఆపరేషన్లు తరచూ చేసే డాక్టరును వెతుక్కోమనేది ఇందుకే. తీసిన కన్నును పారేయనివ్వకండి. దానికి పది రెట్లు ఉండేలా పోసిన 10 శాతం ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే ద్రవం) వేసి, క్యాన్సర్ ఏ రకమో తేల్చే పాథాలజీ పరీక్షకు పంపించమని ముందే చెప్పండి.

ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు అటువైపు ముక్కులోంచి ఎర్రటి నీరు కారొచ్చు, కంగారు వద్దు. చీము, దుర్వాసన, మూడో రోజు తర్వాత కూడా పెరిగే వాపు కనిపిస్తే మాత్రం వెంటనే తీసుకెళ్లండి. కుట్లు విప్పేదాకా, అంటే 10–14 రోజులు, గీక్కోకుండా మెడకు పెట్టే గరాటు లాంటి కాలర్ తీయొద్దు. ఒక్కసారి పంజాతో గీకినా కుట్లు ఊడిపోవచ్చు. నొప్పికి డాక్టరు రాసిన మందే వేయాలి. పారాసిటమాల్ పిల్లికి విషం, చిన్న ముక్క కూడా ప్రాణం తీయగలదు.

కన్ను లేని వైపు నుంచి ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి. పాకిన క్యాన్సర్ ఏళ్ల తర్వాత బయటపడటమూ ఉంది కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, స్కానింగ్ డాక్టరు చెప్పిన గడువు ప్రకారం చేయిస్తూనే ఉండాలి.